పనిచోటు ప్రశ్నలు: ‘చూద్దాం’ అన్న తర్వాత ఏం చేయాలి?

(ఈ శీర్షికలో జవాబులిస్తున్నవారు కడప జిల్లా సిమెంట్ పరిశ్రమలో మెయింటెనెన్స్ ఇంజినీర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ప్రొద్దుటూరులో ఉంటున్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి అడిగాయి: ఏళ్ల తరబడి ఒకే తీరులో నడుస్తున్న పెద్ద సంస్థలో కొత్త పని మొదలుపెట్టేదెలా అని.)

ప్రశ్న: సార్, ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో నేను మెకానికల్ జూనియర్ ఇంజినీర్ని. క్రషర్ నుంచి స్టాక్‌పైల్‌కు, అంటే నిల్వ కుప్పకు, సున్నపురాయి పోయే దారిలో, ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి రాయి పడేచోట రోజూ గుట్టలుగా కింద పడిపోతుంది. మనుషులు పారలతో ఎత్తి మళ్లీ బెల్టు మీద పోస్తుంటారు. అక్కడ రాయి జారే తొట్టి, అంటే చ్యూట్ లోపల అరలాగా ఒక స్టీలు ప్లేటు వెల్డింగ్ చేస్తే, రాయి ముందు ఆ అరలో నిలిచిన రాయి మీద పడి, వేగం తగ్గి, బెల్టు మధ్యకు జారుతుందని డ్రాయింగ్ గీసి సజెషన్ స్కీములో ఇచ్చాను. ఏడాది దాటింది. అడిగినప్పుడల్లా మా డిపార్ట్‌మెంట్ పెద్ద, హెచ్‌ఓడీ ‘చూద్దాం’ అంటారు. ప్లాంట్ హెడ్‌కే మెయిల్ పెట్టెయ్ అంటున్నారు ఫ్రెండ్స్. పెట్టమంటారా?
— ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

జవాబు: నాయనా, మా చిన్నవాడి వయసుంటుంది నీకు, అందుకే నువ్వు అనే రాస్తున్నా. మెయిల్ ఇప్పుడే వద్దు.

నీ ఆలోచన మంచిదే. రాయి మీద రాయి పడేట్టు చేయడం గనుల్లో, క్రషర్లలో చాలాచోట్ల ఉన్న పద్ధతి. చ్యూట్ ప్లేటు అరగదు, కింది బెల్టుకు దెబ్బ తగ్గుతుంది, రాయి నడిమధ్యన పడితే బెల్టు పక్కకు లాగదు. ఇవన్నీ నీ కాగితంలో ఉండే ఉంటాయి. కానీ నువ్వు నాకు రాసిన ఉత్తరంలో ఎక్కడా వాన లేదు.

మనవైపు వానలు గట్టిగా పడేది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. అప్పుడు గని నుంచి రాయి ఒక్కటే రాదు, దాన్ని పట్టుకుని బంకమన్ను వస్తుంది. ఎండాకాలంలో రాయి నిలిచే ఆ అరలోనే వానాకాలంలో మన్ను పేరుకుంటుంది. రెండు షిఫ్టులు ఎవరూ చూడకపోతే గట్టిపడి చ్యూట్ మొత్తం పూడుకుపోతుంది. రాత్రి రెండు గంటలకు అది జామైతే నువ్వు క్వార్టర్స్‌లో నిద్రలో ఉంటావు. గడ్డపార పట్టుకుని లోపలికి వంగేది బెల్ట్ అటెండెంట్. ఫోనెత్తి సమాధానం చెప్పేది షిఫ్ట్ ఇంచార్జ్. పొద్దున మీటింగులో అందరి ముందు నిలబడేది మీ హెచ్‌ఓడీ. ఆయన ‘చూద్దాం’ అన్నప్పుడు ఆ మీటింగే ఆయన కళ్లముందు ఉండి ఉంటుంది. కుర్రవాడి ఉత్సాహం మీద నీళ్లు పోయడం ఇష్టంలేక పైకి చెప్పి ఉండరు.

నా సర్వీసులో సజెషన్ కాగితాలు చాలా చదివాను. ఎక్కువభాగం ఆగిపోయింది ఇక్కడే. ఎంత మిగులుతుందో రాసి ఉండేది. చెడితే రాత్రిపూట ఎవరు అవస్థ పడాలో రాసి ఉండేది కాదు. కంపెనీ ఎంత పెద్దదైతే ఈ రెండింటి మధ్య దూరం అంత ఎక్కువ. ఆలోచన ఒక డిపార్ట్‌మెంట్‌ది, డబ్బు ఇంకొకరి బడ్జెట్‌లోది, తిప్పలు మూడోవాళ్లవి. ఆ మూడోవాళ్లను ఎవరూ అడగరు.

అందుకే ముందు ఒక నైట్ షిఫ్టులో ఆ బెల్టు దగ్గరికి పోయి కూర్చో. అటెండెంట్ వయసులో పెద్దవాడైతే అన్నా అని పిలిచి, నీ డ్రాయింగ్ మడిచి జేబులో పెట్టుకుని, మన్ను ఎక్కడ పట్టుకుంటుంది, ఎన్ని వానలకు పట్టుకుంటుంది, దేంతో పొడుస్తారు అని అడుగు. ఆయన చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకో. నాకు తెలిసినంతలో ఆయన చెప్పబోయే మొదటి మాట ఇలా ఉంటుంది: “వెల్డింగ్ వద్దు సార్, బోల్టులు పెట్టండి. వానలొస్తే మేమే ఊడదీసి పక్కన పెడతాం.” ఆ ఒక్క మాటతో నీ ప్లేటు శాశ్వతమైన మార్పు నుంచి విప్పి తీయగలిగే వస్తువుగా మారిపోతుంది. హెచ్‌ఓడీకి ఉన్న భయంలో సగం అక్కడే తీరుతుంది.

ఆ తర్వాత లెక్క. ఒక షిఫ్టులో కింద పడింది ఎన్ని బండ్లు ఎత్తారో వరుసగా ఒక వారం రాసుకో. ఆ మన్నులో కూరుకుని బేరింగులు పోయిన ఐడ్లర్లు (బెల్టును మోసే రోలర్లు) స్టోర్స్ రికార్డులో దొరుకుతాయి. బెల్టు అంచు చిరిగిన ఫొటోలు తీసి పెట్టు. ‘చాలా స్పిల్లేజ్ పడుతోంది’ అనే వాక్యానికి ఆఫీసులో విలువ లేదు. ‘ఈ పాయింట్ దగ్గర షిఫ్టుకు ఇన్ని బండ్లు’ అంటే ఉంది.

ఇంకో సంగతి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తిరుగుతున్న బెల్టు కింద పార పెట్టి ఎత్తేవాళ్ల పార ఐడ్లర్‌కు చిక్కుకుంటే పారతోపాటు చెయ్యి పోతుంది. కదులుతున్న యంత్రాల దగ్గర చేసే పని గురించి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ప్రత్యేకంగా ఒక సెక్షన్ పెట్టారు, 22వది. నీ ప్లేటు వల్ల బెల్టు కింద పార పట్టే పనే తగ్గుతుంది. కాగితంలో నువ్వు మిగులు డబ్బు ముందు రాసి ఉంటావు. దాన్ని రెండో పేజీకి పంపి, మనుషుల సంగతి మొదటి వాక్యంలో రాయి. అది నిజం కాబట్టి రాయి.

ఇక ఎప్పుడు చేయాలనేది. సిమెంట్ కాల్చే కొలిమిని, అంటే కిల్న్‌ను ముట్టుకునే పనులకు ఎవరూ అంత సులువుగా ఒప్పుకోరు. నీ అదృష్టం, నీ బెల్టు స్టాక్‌పైల్‌కు ముందు ఉంది. స్టాక్‌పైల్‌లో కొన్ని రోజులకు సరిపడా రాయి ఉంటుంది కాబట్టి, కుప్ప నిండుగా ఉన్నప్పుడు క్రషర్ కాసేపు ఆగినా కిల్న్‌కు తెలియను కూడా తెలియదు. క్రషర్‌కు ప్లాన్డ్ షట్‌డౌన్ ఉన్న రోజు చూసి, ఒకే ఒక్క పాయింట్ దగ్గర, స్క్రాప్ యార్డులో ఉన్న ప్లేటుతో, రెండు వారాలు ట్రయల్ అని అడుగు. జామైతే ప్లేటు ఊడదీయడానికి ఎంతసేపు పడుతుంది, ఎవరు తీస్తారు అనేది కూడా కాగితంలో ఉండాలి. ఆ ‘ఎవరు’ అన్నచోట నీ పేరు, నీ ఫోన్ నంబర్ రాయి. ట్రయల్ జరిగే రెండు వారాలూ రాత్రి ఫోన్ వస్తే పోవాలి మరి.

ఇంత చేసి తీసుకుపోయినా మళ్లీ ‘చూద్దాం’ అంటే, మర్యాదగా ఒక ప్రశ్న అడుగు: “సార్, ఏది తేలితే మీరు సరే అంటారు?” ఏదో ఒకటి చెప్తారు. అది తేల్చుకుని రా. మీ హెచ్‌ఓడీ కాగితం మీదే వద్దని రాస్తే, కారణం అడిగి తీసుకో. ప్లాంట్ హెడ్ దగ్గరికి పోవాల్సి వస్తే అప్పుడు పో, హెచ్‌ఓడీకి చెప్పి పో. ఆయన పేరు కాపీలో లేకుండా ఒక్క మెయిల్ కూడా పోకూడదు. తల మీంచి పోయిన మెయిల్‌తో ఒక ప్లేటు బిగించుకోవచ్చేమో గానీ, ఆ తర్వాత నువ్వు తెచ్చే ఏ కాగితాన్నీ ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ చదవరు.

ప్రశ్న: పెనుకొండ ప్రాంతంలో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక పెద్ద గ్రూపు ఫ్యాక్టరీలో నేను మేనేజర్ని. పోయిన సంవత్సరం ఆలోచనల పోటీ పెట్టాం. బ్యానర్లు కట్టాం, బహుమతులు ప్రకటించాం. మొదటి నెల పెట్టె నిండిపోయింది. ఇప్పుడు తెరిస్తే బిస్కెట్ కవర్లు తప్ప ఏమీ ఉండవు. బహుమతి సొమ్ము పెంచితే ఫలితం ఉంటుందా?
— ఒక మేనేజర్, శ్రీసత్యసాయి జిల్లా

జవాబు: మీరు రాసిన వివరాల్లో నేను వెతికిన సంగతి కనిపించలేదు. మొదటి నెల వచ్చిన చీటీల్లో ఎన్నింటికి జవాబు వెళ్లింది? పేరుపేరునా, ‘ఇది చేస్తున్నాం’ లేదా ‘ఇది చేయలేం, ఎందుకంటే’ అని? ఆ పని జరగకుండా సొమ్ము పెంచితే ఇంకో నెల పెట్టె నిండుతుంది, తర్వాత మళ్లీ ఇదే కథ.

మీ రంగంలోంచే చెప్తాను. 1950లో టొయోటా కుటుంబానికి చెందిన ఐజీ టొయోడా అమెరికా పోయి ఫోర్డ్ ఫ్యాక్టరీలు చూశారు. కార్మికుల దగ్గర సూచనలు తీసుకునే పద్ధతి అక్కడ కనిపించింది. 1951లో టొయోటాలో దాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు సూచనల పద్ధతి అనగానే ప్రపంచమంతా టొయోటా పేరే చెప్తుంది. అక్కడ నడిచిన తీరులో ముఖ్యమైన సంగతి, చిన్న చిన్న మార్పులను లైను మీద పక్కనే ఉండే టీమ్ లీడర్ చూసి అక్కడికక్కడ చేయించడం. కొంతసేపు ఆలోచించి చూడండి, మీ ఫ్యాక్టరీలో ఒక బోల్టు జరపడానికి ఎన్ని సంతకాలు కావాలి?

సిమెంట్ ప్లాంట్‌లో ప్రీహీటర్ టవర్ అని ఉంటుంది. రాయి పొడిని కిల్న్‌లోకి పోయేముందు అక్కడ వేడిచేస్తారు. అందులో సైక్లోన్లనే గరాటాల్లాంటి తొట్ల నుంచి వేడి పొడి పైపుల్లో కిందికి దిగుతుంది. ప్రతి పైపులో ఒక ఫ్లాప్, దానికి బయటివైపు బరువు తగిలించిన కడ్డీ. పొడి దిగుతున్నంతసేపూ ఆ కడ్డీ ఊగుతూ ఉంటుంది. ఊగడం ఆగిందంటే పైన అడ్డం పడినట్టు. వెంటనే కనిపెట్టకపోతే సైక్లోన్ నిండిపోతుంది. దాన్ని తెరిచి పొడిచేటప్పుడు, కింది సైక్లోన్లలో ఎనిమిది వందల డిగ్రీలు దాటే ఆ పొడి నీళ్లలా దూకి మీద పడుతుంది. సిమెంట్ పనిలో ఉన్న ఎవరిని అడిగినా దాని గురించి చెప్తారు, చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. నేను పనిచేసినచోట రాత్రిపూట ఆ కడ్డీలు సరిగ్గా కనిపించేవి కావు. ఒక కాంట్రాక్ట్ హెల్పర్, బడికి పెద్దగా పోనివాడు, షిఫ్ట్ ఇంచార్జ్‌తో అన్నాడు: “కడ్డీ కొసన రేడియం స్టిక్కర్ అతికిస్తే మెట్ల మీంచే టార్చి కొట్టి చూడొచ్చు గద సార్.” మరుసటిరోజు ఇంచార్జ్ డ్యూటీకి వస్తూ బండ్లకు స్టిక్కర్లు వేసే అంగట్లో ఒక రోల్ కొనుక్కొచ్చి, వేడి తక్కువ తగిలే కొసన అతికించాడు. ఎవరి పర్మిషనూ లేదు, ఫైలూ లేదు. ఆ హెల్పర్‌ని పక్కన నిలబెట్టుకుని, ‘ఈయన చెప్పాడు, చేశాం’ అని తర్వాతి షిఫ్టువాళ్లకు చూపించాడు. ఆ తర్వాత ఆ షిఫ్టు మనుషులు చీటీ రాయాల్సిన అవసరమే లేకుండా నోటితోనే చెప్పడం మొదలుపెట్టారు.

కాబట్టి బహుమతి సొమ్మును విడగొట్టి షిఫ్ట్ ఇంచార్జ్‌ల చేతికి ఇవ్వండి. ఒక్కొక్కరికి నెలకు ఇంత, మార్పులు చేయించడానికి మాత్రమే, సంతకం వాళ్లదే, బిల్లు తర్వాత చూపిస్తే చాలు. మొత్తం చిన్నదైనా ఫర్వాలేదు. అమెరికాలో త్రీఎం అనే కంపెనీ గరుకు కాగితం అమ్ముకునే రోజుల్లో రిచర్డ్ డ్రూ అనే యువకుడు కార్ల పెయింటింగ్ షెడ్లకు శాంపిళ్లు తీసుకుపోయేవాడు. రెండు రంగులు వేసేటప్పుడు అంచున అతికించిన కాగితం పీకితే పెయింటు కూడా ఊడొస్తోందని పెయింటర్లు తిట్టుకోవడం విన్నాడు. దానికి సరైన టేపు చేస్తానని మాటిచ్చాడు. పైవాళ్లు ఆ పని ఆపమన్నారు, యంత్రానికి డబ్బు లేదన్నారు. వంద డాలర్ల లోపు కొనుగోళ్లకు డ్రూ సంతకం చాలు. వంద డాలర్ల లోపు ఆర్డర్లు వరుసగా రాసి సామాను తెప్పించుకున్నాడని ఆ కంపెనీ చరిత్రలో చెప్పుకుంటారు. 1925లో మాస్కింగ్ టేపు వచ్చింది. ఆపమన్న పెద్దలే తర్వాత దాన్ని మెచ్చుకుని, 1948 నుంచి టెక్నికల్ సిబ్బంది పని సమయంలో 15 శాతం సొంత ఆలోచనల మీద పెట్టుకోవచ్చని పద్ధతి తెచ్చారు. చిన్న సంతకానికి ఉన్న బలం అది.

చేసి చూసి విఫలమైన పనుల సంగతి కూడా మీరు తేల్చాలి. మీ దగ్గర ఎవరైనా ఒక ఫిక్స్చర్ మార్చి రెండు గంటల ప్రొడక్షన్ పోగొడితే, ఆ రెండు గంటలు ఎవరి ఖాతాలో రాస్తారు? అతని ఖాతాలో రాస్తే మిగతా అందరికీ సమాధానం అందినట్టే. టాటా గ్రూపులో గట్టిగా ప్రయత్నించి ఫలితం రాని పనులకు కూడా ‘డేర్ టు ట్రై’ అని బహుమతి ఇస్తున్నారు. మీరు అంతదాకా పోనక్కర్లేదు. ట్రయల్ గంటలను రిపోర్టులో వేరే వరుసలో చూపించి, కింద మీరు సంతకం చేయండి. అది మేనేజర్ చేయాల్సిన పని, కింది ఉద్యోగి చేయలేడు.

పైవాళ్ల సంతకం ఏం చేయగలదో చూడాలంటే కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ ఎక్కండి, కర్నూలులో, అనంతపురంలో, ధర్మవరంలో ఆగుతుంది. ఆ రైలు మొదటి రూపాన్ని తయారుచేసింది చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ, 1955 నుంచి పెట్టెలు తయారుచేస్తున్న రైల్వే సంస్థ. అప్పటి జనరల్ మేనేజర్ సుధాంశు మణి. బయటి దేశం నుంచి రైలు కొనే ఆలోచనలు నడుస్తున్న సమయంలో, మనమే చేద్దామని పూనుకుని, సుమారు 18 నెలల్లో 2018లో బయటికి తెచ్చారు. 2018లో వచ్చింది కాబట్టి దానికి మొదట ట్రెయిన్ 18 అని పేరు. 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ–వారణాసి మధ్య మొదలైంది. రైల్వేలాంటి మహా సంస్థలో, అన్ని విభాగాల ఇంజినీర్లనూ ఒకచోట కూర్చోబెట్టి ఆ పని చేయించగలిగారంటే, తేడా వస్తే తాను నిలబడతానని ముందు ఆయన అనుకోబట్టే అని నా నమ్మకం.

ఆ పాత చీటీలు ఇంకా ఉంటే పారేయకండి. ఆలస్యమైనా ఒక్కోదానికీ జవాబు రాయించండి.

ప్రశ్న: కడపలో ఒక పెద్ద బ్యాంకు బ్రాంచిలో ఆఫీసర్ని. ప్రతి నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి పెన్షనర్లు పొద్దున్నుంచే వచ్చి క్యూలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయేవారు. ఊళ్లవారీగా తేదీలు విడగొట్టి, ముందే ఫోన్లు చేసి, నడవలేనివాళ్ల లిస్టు వేరే పెట్టి రెండేళ్లు నడిపాను. రద్దీ తగ్గింది. వివరంగా రాసి పై ఆఫీసుకు పంపాను. ఇప్పుడు అదే పద్ధతి సర్క్యులర్‌గా వచ్చింది, వేరే అధికారి పేరుతో. ఇంట్లోవాళ్లు వదిలెయ్ అంటున్నారు. నిద్ర పట్టడం లేదు.
— ఒక సోదరి, కడప

జవాబు: అమ్మా, మీరు చేసింది గొప్ప పని. ఎనభై ఏళ్ల మనిషిని ఎండలో నిలబెట్టకుండా ఇంటికి పంపడమంటే మాటలు కాదు. దాన్ని ఇంకొకరు తమ పేరుతో చెప్పుకుంటే నిద్ర పట్టకపోవడం సహజమే.

పేరు పోతే పోనీలే, పని జరిగింది కదా అనే సలహా మీకు చాలామంది ఇస్తారు. నేను ఇవ్వను. మీరు ఊరుకుంటే రెండు నష్టాలున్నాయి. ఒకటి మీకు తెలిసిందే, ఈసారి ఇంకో ఆలోచన వస్తే మీరు నోరు విప్పరు, మిమ్మల్ని చూసిన పక్క కౌంటర్ అమ్మాయి కూడా విప్పదు. రెండోది బ్యాంకుది. సర్క్యులర్ చదివి పద్ధతి మొదలుపెట్టిన బ్రాంచిలో ఏదో ఒకటి అడ్డం వస్తుంది. కొడుకు దగ్గర హైదరాబాద్‌లో ఉంటున్న పెన్షనర్ పేరు ఏ ఊరి తేదీలో వేయాలి? ఫోన్ నంబర్ మారిపోయినవాళ్లకు కబురెట్లా? వీటికి జవాబులు మీ దగ్గర ఉన్నాయి, సర్క్యులర్ కింద ఉన్న పేరుకు తెలియవు. ఆలోచన పుట్టినచోటు చెరిపేస్తే, అది పాడైనప్పుడు బాగుచేసే మనిషి కూడా కనిపించకుండా పోతారు.

అంటించి పీకే పసుపురంగు చీటీలు (పోస్ట్-ఇట్) మీ టేబుల్ మీద ఉండే ఉంటాయి. వాటి జిగురు 1968లో, పైన చెప్పిన త్రీఎం కంపెనీలోనే స్పెన్సర్ సిల్వర్ కనిపెట్టారు, అది సరిగ్గా అంటుకోదని చాలాకాలం పక్కన పడి ఉంది. 1974లో ఆర్ట్ ఫ్రై అనే ఇంకో ఉద్యోగి చర్చి పాటల పుస్తకంలో గుర్తులు జారిపోతుంటే ఆ జిగురు గుర్తుచేసుకున్నారు. ఈరోజు ఆ చీటీల కథ ఎవరు చెప్పినా రెండు పేర్లూ చెప్తారు. పెద్ద సంస్థలో పేర్లు కలిసి ఉండడం అసాధ్యమేం కాదు.

గొడవ మాటలు లేకుండా, సర్క్యులర్ వచ్చినందుకు సంతోషమంటూ మొదలుపెట్టి పై ఆఫీసుకు ఒక మెయిల్ రాయండి. ఈ పద్ధతి మా బ్రాంచిలో ఫలానా నవంబర్ నుంచి నడుస్తోంది, ఫలానా తేదీన పంపిన నా నోట్ జతచేస్తున్నాను, రెండేళ్లలో ఎదురైన చిక్కులు, వాటికి మేం చేసిన సర్దుబాట్లు ఇవీ అని. చివర, మిగతా బ్రాంచిల వాళ్లకు ఒక పూట నేను వివరిస్తాను, అనుమతి ఇవ్వండి అని అడగండి. కాపీ మీ మేనేజర్‌కు. ఆ మీటింగులో మీరు అరగంట మాట్లాడితే ఎవరి పని అనేది ఎవరూ అడగరు. అనుమతి రాకపోయినా ఆ మెయిల్ తేదీతో సహా ఉంటుంది, ప్రమోషన్ ఇంటర్వ్యూలో చూపించుకోండి. ఇకమీదట ఏ నోట్ పంపినా మీ మేనేజర్ సంతకంతో కలిపి ఇద్దరి పేర్లతో పంపండి. రెండు పేర్లున్న కాగితం మీంచి ఒక్క పేరు తీసేయడం కష్టం.

ప్రశ్న: అనంతపురం జేఎన్‌టీయూలో ఫైనలియర్. కొత్తగా ఏదైనా చేయాలంటే స్టార్టప్‌లోనే కుదురుతుందని, పెద్ద కంపెనీలో చేరితే బుర్ర తుప్పు పడుతుందని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థి

జవాబు: పూర్తిగా నిజం కాదు బాబూ. మొదటి డిజిటల్ కెమెరా పుట్టింది కోడక్‌లో, 1975లో. చేసిన స్టీవ్ సాసన్‌కు అప్పటికి పాతికేళ్లే. ఒక్క బొమ్మ క్యాసెట్ మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అంత పరికరం చేయడానికి కావాల్సిన సామాను, సమయం ఆ వయసు కుర్రవాడికి దొరికింది పెద్ద కంపెనీ కాబట్టే. అయితే ఆ కంపెనీ ఆదాయమంతా ఫిల్ము మీద. ఫిల్ము అమ్మేవాళ్లకు ఫిల్ము లేని కెమెరా మీద ఎంత ఇష్టం ఉంటుంది? కోడక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. ఇంటర్వ్యూలో నువ్వే అడుగు, ఈ మూడేళ్లలో ఇక్కడ కింది స్థాయి ఉద్యోగి చెప్పగా మారిన పని ఒకటి చెప్పండి అని. టకామని చెప్పగలిగితే నిశ్చింతగా చేరు. నీళ్లు నమిలితే ఇంకో ఆఫర్ వచ్చేదాకా ఆగు.

ప్రశ్న: కర్నూలులో ఒక పెద్ద సిమెంట్ కంపెనీ సేల్స్ ఆఫీసర్ని. కాల్చిన బంకమన్ను, సున్నపురాయి పొడి కలిపిన కొత్తరకం సిమెంట్ త్వరలో తెస్తామని మావాళ్లు అంటున్నారు. మేస్త్రీలు ఇప్పటికే ‘ఆ బూడిద సిమెంట్‌తోనే వేగలేకపోతున్నాం’ అంటున్నారు. పైనుంచి టార్గెట్, కింద వీళ్లు. ఎలా ఒప్పించాలి?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ కంపెనీ తెస్తున్నది మంచి సరుకు. ఈ రకానికి 2023లో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా వచ్చింది, ఐఎస్ 18189. సిమెంట్‌కు మూలమైన క్లింకర్ కాల్చాలంటే కిల్న్‌లో 1450 డిగ్రీలు కావాలి, మన్ను కాల్చడానికి సుమారు 800 చాలు. క్లింకర్ తగ్గితే బొగ్గూ తగ్గుతుంది, పొగా తగ్గుతుంది. ల్యాబులో పని పూర్తయింది. మీ చేతికి వచ్చిన పని అంతకంటే కష్టమైనది, దాన్ని మీ పైవాళ్లు గుర్తించాలి.

మేస్త్రీని తప్పుపట్టకండి. ఆయన సిమెంట్‌ను కొలిచేది మూడో రోజున, షట్టరింగ్ మీద గోటితో గీకి. 43 గ్రేడ్ మామూలు సిమెంట్ మూడు రోజులకు కనీసం 23 మెగాపాస్కల్ బలం ఇవ్వాలని ప్రమాణం. బూడిద కలిపిన పీపీసీకి 16 ఇస్తే చాలు. ఆ గోటికి తెలిసింది నిజమే. 28 రోజులకు పీపీసీ 33 దాటాలి, ఆ తర్వాత కూడా పెరుగుతూ పోతుంది. అప్పటికి మేస్త్రీ ఇంకో ఇంటి దగ్గర ఉంటాడు. పైగా మన కర్నూలు ఎండకు, నీళ్ల కొరతకు క్యూరింగ్, అంటే కాంక్రీటును తడిపి ఉంచడం, నాలుగు రోజుల్లో ముగిస్తారు. కలిపిన సిమెంట్‌కు పద్నాలుగు రోజులు తడపాలని కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 456 సిఫారసు చేస్తోంది. ముద్దనూరు దగ్గరి థర్మల్ ప్లాంట్ లాంటిచోట్ల నుంచి బూడిద తెచ్చి కలపడం కంపెనీలకు లాభమే, దేశానికీ మంచిదే. ఆ తడిపే సంగతి మాత్రం మేస్త్రీకి కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. బ్యాగు మీద అచ్చేసి ఊరుకున్నారు. ఇప్పుడు ఆ బాకీ మీ మెడకు చుట్టుకుంది.

కొత్త రకం తొలిరోజుల బలంలో పీపీసీ కంటే మెరుగని అంటున్నారు కాబట్టి, మాటలు తగ్గించి చూపించండి. పైన చెప్పిన పసుపు చీటీలనే 1977లో నాలుగు ఊళ్లలో ప్రకటనలతో అమ్మకానికి పెడితే పోలేదు. 1978లో బాయిసీ అనే ఊళ్లో ఆఫీసులకు ఉచితంగా పంచారు. వాడినవాళ్లలో పదికి తొమ్మిదిమంది కొంటామన్నారు. 1980లో అమెరికా అంతటా వచ్చాయి.

మీరు ఊళ్లో నలుగురు వినే పెద్ద మేస్త్రీలను కొద్దిమందిని ఎంచుకోండి. స్లాబుకు ఇవ్వొద్దు, మొదట కాంపౌండ్ గోడకు, ఫ్లోరింగ్‌కు ఉచితంగా బ్యాగులివ్వండి. కాంక్రీట్ కలిపిన రోజే పరీక్ష దిమ్మెలు (క్యూబులు) వాళ్ల చేతులతోనే పోయించి, సగం తడపకుండా, సగం గోనెసంచులు కప్పి తడిపి, 3, 7, 28 రోజులకు వాళ్ల కళ్లముందే పగలగొట్టించండి. అంకెలు వాళ్ల ఫోన్లలోనే ఫొటో తీసుకోమనండి. గోనెసంచుల ఖర్చు కంపెనీదే అని ముందే రాయించుకోండి. మీ పైవాళ్లతో ఇంకో మాట కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మొదటి ఆరు నెలలు మీ టార్గెట్ టన్నుల్లో ఉండకూడదు, ఎంతమంది మేస్త్రీలు రెండోసారి అడిగి తీసుకున్నారు అనే లెక్కలో ఉండాలి. విప్పిన బ్యాగు నచ్చలేదని తిరిగిచ్చినా డీలర్ తీసుకోవాలి, ఆ డబ్బు కంపెనీ భరించాలి. దీనికి వాళ్లు ఒప్పుకోకపోతే మేస్త్రీల దగ్గరికి మీరు పోవద్దు, వాళ్లనే ఒకరోజు కర్నూలు పిలిపించి సైటు మీదికి తీసుకుపోండి.